కష్టజీవి ఓటు ఎవరికి పడింది? 2008 ఒబామా, హిల్లరీ పోటీ మీద చర్చ

కొబ్బరాకు (కాకినాడ)
పోటీ పరీక్షల పిల్లలకు ప్రపంచ రాజకీయాలు చెబుతుంటాను. అమెరికా ఎన్నికల పాఠం తయారు చేస్తూ 2008 డెమోక్రటిక్ ప్రైమరీల దగ్గర ఆగిపోయాను. ఒబామా తల్లి ఒక దశలో ప్రభుత్వం పేదలకిచ్చే ఫుడ్ స్టాంపులతో ఇల్లు నడిపిన మనిషి. ఆయన చదువయ్యాక షికాగో దక్షిణాన, ఉక్కు మిల్లులు మూతపడ్డ పేటల్లో తిరిగి పనిచేశాడు. హిల్లరీ, మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ దంపతులేమో 2000 నుంచి 2007 దాకా తమ సంపాదన 10.9 కోట్ల డాలర్లని వాళ్ళే లెక్కలు బయటపెట్టారు. మరి ఒహాయో, పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియాల్లో ఫ్యాక్టరీ వాళ్ళూ గనుల వాళ్ళూ హిల్లరీకి అంతలా ఎందుకు ఓటేశారు? "జాతి వివక్ష" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చడం లేదు. అప్పట్లో అక్కడున్నవాళ్ళు చెప్పండి.

వరంగల్ వంశీ (హనుమకొండ)
అన్నా, ముందు నాదో డౌటు. ప్రైమరీ అంటే పార్టీ టికెట్టు కోసం పోటీయే కదా? మన దగ్గర బీ-ఫారం హైకమాండ్ చేతిలో ఉంటుంది. అక్కడ నిజంగా మామూలు జనమే ఓటేసి ఇస్తారా?

లెక్కల మాస్టారు (డాలస్)
చాలా వరకు అవును తమ్ముడూ. రాష్ట్రానికో తేదీ, రాష్ట్రానికో రూలు. కొన్నిచోట్ల మామూలు పోలింగులా జరుగుతుంది, అది ప్రైమరీ. కొన్నిచోట్ల అందరూ ఒక హాల్లో చేరి గంటా రెండు గంటలు కూర్చుని తేల్చుకుంటారు, అది కాకస్. వచ్చిన ఓట్ల నిష్పత్తిలో డెలిగేట్లను పంచుతారు, వాళ్ళు పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకుంటారు. హైకమాండ్ వాసన పూర్తిగా పోలేదులే. 2008లో ఎనిమిది వందల దాకా సూపర్ డెలిగేట్లు ఉండేవాళ్ళు. ఎంపీలు, గవర్నర్లు, పార్టీ పెద్దలు. వాళ్ళిష్టం వచ్చినవాళ్ళకు ఓటేయొచ్చు. 2016 గొడవల తర్వాత, 2018లో ఆ రూలు మార్చి, గట్టి పోటీ ఉన్నప్పుడు మొదటి రౌండులో వాళ్ళకు ఓటు లేకుండా చేశారు.

కొబ్బరాకు గారూ, మీ ప్రశ్నకు ముందు అంకెలు. ఒహాయో (మార్చి 4), పెన్సిల్వేనియా (ఏప్రిల్ 22) రెండిట్లోనూ హిల్లరీ ఆధిక్యం తొమ్మిది శాతం దాకా. వెస్ట్ వర్జీనియాలో (మే 13) 67కి 26. కెంటకీలో 65కి 30. అదే మే నెలలో నార్త్ కరొలైనాలో ఒబామా 14 శాతం తేడాతో గెలిచాడు. అక్కడ గెలిపించినవాళ్ళలో కష్టజీవులు లేరా? ఈ మాట కాస్త పక్కన పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

సిన్సినాటి శీను (ఒహాయో)
నేను అప్పుడు ఇక్కడే ఉన్నాను. కార్ల విడిభాగాలు చేసే ప్లాంటులో ఐటీ పని. ఓటు లేదు కానీ క్యాంటీన్లో రోజూ అసెంబ్లీ లైన్ మీద పనిచేసేవాళ్ళతోనే భోజనం. పేరు ఒబామాదో హిల్లరీదో వచ్చేది కాదు, "నాఫ్టా" వచ్చేది. 1994లో అమల్లోకి వచ్చిన అమెరికా, కెనడా, మెక్సికోల ఆ వాణిజ్య ఒప్పందం వల్లే తమ పనులు మెక్సికో పోయాయని గట్టి నమ్మకం. మా ప్లాంటులో ఒక షెడ్డు ఖాళీగా ఉండేది. నేల మీద మెషిన్లు ఊడదీసిన చోట బోల్టుల గుంతలు, చుట్టూ పసుపు రంగు గీతలు అలాగే ఉన్నాయి. ఆ పక్కనుంచే క్యాంటీన్‌కి దారి. రోజూ అవి చూసుకుంటూ పోయే మనిషి ముందు "మార్పు" అంటే ఏమనుకుంటాడు? వాళ్ళు చూసిన మార్పు అది.

విచిత్రం ఏమిటంటే నాఫ్టాను చట్టం చేస్తూ సంతకం పెట్టింది బిల్ క్లింటన్. ఆ కోపం హిల్లరీ మీద చూపాలి కదా? మా దగ్గర పెద్దవాళ్ళు అన్నది వేరు: "ఆయన ఉన్నప్పుడు ఓవర్‌టైం దొరికేది." అంతే. 1990ల చివర జీతాలు పెరిగాయి, పనులు దొరికాయి. ఆ జ్ఞాపకం ముందు ఒప్పందం సంతకం చిన్నదైపోయింది. పైగా సరిగ్గా ఒహాయో పోలింగు ముందు ఒబామా సలహాదారు ఒకాయన కెనడా అధికారులను కలిసిన సంగతి బయటికొచ్చింది. నాఫ్టా మీద తిట్లు ఎన్నికల మాటలే, పెద్దగా పట్టించుకోకండి అన్నట్టు ఆ అధికారులు రాసుకున్న నోటు అది. తను అలా అనలేదని ఆయన చెప్పుకున్నా మా క్యాంటీన్లో ఎవరూ వినే స్థితిలో లేరు.

ఎన్జే అత్తయ్య (ఎడిసన్, న్యూజెర్సీ)
శీనూ, నువ్వు చెప్పిందంతా నిజమే గానీ ఆ రెండు నెలలు టీవీలో నడిచిన నాటకం వదిలేశావు. ఒబామా పెన్సిల్వేనియాలో ఆల్టూనా అనే ఊళ్ళో, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆట ఆడి 37 పాయింట్లు కొట్టాడు. చిన్నపిల్లలు కూడా అంతకంటే బాగా కొడతారు. రోజుల తరబడి అదే వార్త. ఇంకో పక్క హిల్లరీ ఇండియానాలో బార్లో నిలబడి ఒక గుక్క విస్కీ తాగింది, బీరు తాగింది. ఎవరు ఏం తిన్నారు, ఎలా తాగారు అనేదే "సామాన్యుడికి దగ్గర" కొలబద్ద అయిపోయింది. అంతకుముందు ఏడాది ఒబామా అయోవా రైతుల ముందు అరుగులా ఆకు ధర ఎంత పెరిగిందో చూశారా అన్నాడట. ఖరీదైన షాపుల్లో దొరికే సలాడ్ ఆకు. దాని మీద ఎన్ని జోకులో.

ఆ నాటకంలో ఎవరూ అడగనిది, ఆ బార్లో గ్లాసులు కడిగే మనిషికి గంటకు ఎంత వస్తుందని.

కొబ్బరాకు
అత్తయ్య గారూ, ఒబామా నోరు జారిన సంగతి కూడా ఇదే సమయంలోది కదా? చిన్న ఊళ్ళ వాళ్ళు తుపాకుల్ని, మతాన్ని పట్టుకు వేలాడతారని?

ఎన్జే అత్తయ్య
అవును, అసలు కథ అదే. 2008 ఏప్రిల్ 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో చందాల సభ. పెన్సిల్వేనియా చిన్న ఊళ్ళలో ఇరవై అయిదేళ్ళుగా ఉద్యోగాలు పోతూనే ఉన్నాయి, ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు, అందుకే వాళ్ళలో చేదు పేరుకుంది, తుపాకుల్నో మతాన్నో తమలా లేనివాళ్ళ మీద కోపాన్నో పట్టుకుంటున్నారు అన్నాడు. మాటలో మొదటి సగం నూటికి నూరుపాళ్ళు నిజం. శీను చెప్పిన ఖాళీ షెడ్డు కూడా అదే చెబుతోంది. కానీ అన్నది ఎవరి ముందు? డబ్బున్న వాళ్ళ ఇంట్లో, తలుపులు వేసుకుని. అక్కడే ఉండి రికార్డు చేసి రాసిన మహిళ కూడా ఒబామాకు చందా ఇచ్చినావిడే. ఏప్రిల్ 11న అది బయటికొచ్చింది.

మన గురించి మంచే చెప్పినా, మనం లేని చోట మనకంటే గొప్పవాళ్ళకు మన సంగతి విడమరచి చెబితే ఒళ్ళు మండదా? నాకైతే మండుతుంది. అదే మాట ఆల్టూనాలో వాళ్ళ మొహం మీదే చెప్పి ఉంటే సగం మంది తలూపేవాళ్ళని నా నమ్మకం.

ఇక్కడ మనవాళ్ళ సంగతి కూడా ఒకటి చెప్పాలి. అప్పట్లో ఒక్కో మనిషి ప్రైమరీకి ఇవ్వగలిగిన గరిష్ఠ చందా 2,300 డాలర్లు. గ్రీన్ కార్డు ఉంటే చందా ఇవ్వొచ్చు, ఓటు మాత్రం ఉండదు. ఓటు లేదు, చెక్కు ఉంది! అలాంటి సభలకు పట్టుచీరలు కట్టుకుని వెళ్ళి ఫొటోలు దిగినవాళ్ళు మా చుట్టుపక్కలే ఉన్నారు. అభ్యర్థి మనసులో మాట మోటెల్లో గదులు ఊడ్చే పౌరురాలి కంటే ముందు మనవాళ్ళ చెవిన పడుతుంది. అసమానత అంటే నాకు అది గుర్తొస్తుంది.

వరంగల్ వంశీ
అత్తయ్యా, ఆ ఫొటోలు మా ఊరి ఫ్లెక్సీల మీదికి కూడా వచ్చాయి 😄

బోస్టన్ భారతి (మసాచుసెట్స్)
మాస్టారు పక్కన పెట్టమన్న మాట నేను తీసుకుంటున్నాను. ఈ చర్చ మొదటి నుంచీ "కార్మికులు" అంటే తెల్ల కార్మికులే అన్నట్టు సాగుతోంది. టీవీ వాళ్ళ అలవాటు మనకూ అంటింది. సౌత్ కరొలైనాలో జనవరి 26న ఒబామా గెలిచాడు, నల్లజాతి ఓటర్లలో అయిదుగురిలో నలుగురు దాకా ఆయనకే వేశారు. ఆసుపత్రుల్లో మంచాలు సర్దేవాళ్ళు, బస్సులు నడిపేవాళ్ళు, కోళ్ళ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా నగరంలోనూ అంతే. వాళ్ళ జీతాలు ఒహాయో లైన్ వాళ్ళ కంటే తక్కువే. కానీ వాళ్ళ ఓటును ఏ విశ్లేషకుడూ "శ్రామిక ఓటు" అనలేదు, "నల్లజాతి ఓటు" అన్నాడు.

మే నెల మొదట్లో హిల్లరీయే ఒక పత్రికతో, కష్టపడి పనిచేసే అమెరికన్లలో, తెల్ల అమెరికన్లలో ఒబామాకు బలం తగ్గుతోందని అన్నారు. కష్టపడటం, తెల్లగా ఉండటం ఒకే ఊపులో! ఆ ఎన్నికల్లో జాతి కూడా చూసి ఓటేశామని ఎగ్జిట్ పోల్స్‌లో ఒప్పుకున్న తెల్లవాళ్ళలో ఎక్కువమంది హిల్లరీ వైపే ఉన్నారు. కొబ్బరాకు గారికి నచ్చకపోవచ్చు గానీ, జాతిని తీసేసి ఈ పాఠం చెప్పలేరు.

సిన్సినాటి శీను
భారతి గారూ, జాతి లేదని నేననలేదు. కానీ అదే ఒబామా అయోవాలో జనవరి 3న గెలిచాడు. ఆ రాష్ట్రం దాదాపు అంతా తెల్లవాళ్ళే.

బోస్టన్ భారతి
అయోవా కాకస్! అప్పట్లో చలికాలం రాత్రి ఏడింటికి హాల్లో ఉండాల్సి వచ్చేది. రాత్రి షిఫ్ట్ నర్సు వస్తుందా? చంటిపిల్ల ఉన్న ఒంటరి తల్లి వస్తుందా? ఒబామా 2008లో కాకస్ రాష్ట్రాలను దాదాపుగా ఊడ్చేశాడు. హిల్లరీకి బలం మామూలు పోలింగు రాష్ట్రాల్లో. కాలేజీ పిల్లలు, చదువుకున్నవాళ్ళు, సాయంత్రం తీరిక ఉన్నవాళ్ళు కాకస్‌కి వస్తారు. ఎవరిని ఇష్టపడతారనేది తర్వాత, ముందు తీరిక ఎవరికి ఉంది?

నైట్ ఆడిట్ (లాస్ వేగస్)
ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. నెవాడా కాకస్ సంగతి మీరెవరూ ఎత్తలేదు.

ఇక్కడ కసీనో హోటళ్ళలో పని ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. శనివారం మధ్యాహ్నం కాకస్ పెడితే గదులు శుభ్రం చేసేవాళ్ళు, వంటవాళ్ళు, బార్ వాళ్ళు ఇంటి దగ్గరి హాలుకి వెళ్ళలేరు. అందుకని పార్టీ 2008లో స్ట్రిప్ అనే కసీనోల వీధి హోటళ్ళలోనే తొమ్మిది కాకస్ చోట్లు పెట్టింది. ఆ చుట్టుపక్కల షిఫ్టులో ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చి పాల్గొనవచ్చు. రూలు 2007లోనే ఖాయమైంది, ఎవరూ నోరెత్తలేదు. జనవరి 9న హోటల్ కార్మికుల కలినరీ యూనియన్ (దాదాపు 60 వేల మంది సభ్యులు) ఒబామాకు మద్దతు ప్రకటించింది. రెండు రోజులకు టీచర్ల సంఘం కోర్టుకెక్కింది, కసీనోల్లో కాకస్ అన్యాయమని! ఆ సంఘం నాయకుల్లో కొందరు హిల్లరీ మనుషులు. జడ్జి కొట్టేశాడు.

జనవరి 19న నేను పనిచేసే హోటల్ బాల్‌రూంలోనే జరిగింది. పేరెందుకులే. నాకప్పుడు ఓటు లేదు, వెనక గోడ దగ్గర నిలబడి చూశాను. పెళ్ళిలో మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ చెరో పక్క చేరినట్టు జనం రెండుగా విడిపోయారు. యూనిఫాంలోనే వచ్చారు, హౌస్ కీపింగ్ ఆడవాళ్ళ జేబుల్లోంచి గది తాళాల కార్డులు వేలాడుతున్నాయి. ఓటు రహస్యం కాదు. యూనియన్ నాయకుడు ఎదురుగా చూస్తుంటే లేచి అవతలి పక్కకి నడవాలి. ఆ ఆడవాళ్ళు చాలామంది లాటిన్ అమెరికా నుంచి వచ్చినవాళ్ళు. నాయకుడి ముందునుంచే నడిచి హిల్లరీ పక్క నిలబడ్డారు. ఒకామె కూర్చోలేదు కూడా, లెక్క అయ్యేదాకా గోడ గడియారం వంకే చూస్తూ ఉంది. బ్రేక్ అయిపోతోంది మరి.

తొమ్మిదింటిలో ఏడు చోట్ల హిల్లరీ గెలిచింది. ఆమె మనుషులు ఆపాలని చూసిన చోటే ఆమెకు ఓట్లు వచ్చాయి! రాష్ట్రం మొత్తం మీద కూడా ఆమెకే ఎక్కువ, కానీ డెలిగేట్ల పంపకంలో ఒబామాకు 13, ఆమెకు 12.

లెక్కల మాస్టారు
నైట్ ఆడిట్ గారూ, బ్రహ్మాండంగా చెప్పారు. నాయకులు, కోర్టులు, విశ్లేషకులు అందరూ కార్మికుడి ఓటు తమ జేబులో ఉందనుకున్నారు, ఒక్కరి లెక్కా కలవలేదు.

కొబ్బరాకు
ఒక అభ్యంతరం. తీరిక వాదం కాకస్‌కి సరిపోతుంది. పెన్సిల్వేనియాలో పొద్దున ఏడు నుంచి రాత్రి ఎనిమిది దాకా మామూలు పోలింగే కదా? అక్కడ ఏమంటారు?
ఇంకొకటి. ఆ పోటీలోనే ఉండి పేదరికం గురించే మాట్లాడిన జాన్ ఎడ్వర్డ్స్ చివరిదాకా ఎందుకు నిలవలేదు? బట్టల మిల్లు కార్మికుడి కొడుకు, "రెండు అమెరికాలు" అన్న నినాదం ఆయనదే.

ఎన్జే అత్తయ్య
ఎడ్వర్డ్స్‌ది జాలి కథ. కత్రినా తుపానుకు మునిగిన న్యూ ఆర్లీన్స్ పేటలో నిలబడి పోటీ ప్రకటించాడు, 2008 జనవరి 30న అదే ఊరికొచ్చి విరమించుకున్నాడు. అయోవాలో హిల్లరీని వెనక్కి నెట్టి రెండో స్థానంలో వచ్చాడు, అదే ఎక్కువ. మధ్యలో 400 డాలర్ల క్షవరం బయటపడింది, అదీ ప్రచారం ఖర్చులో రాశారు. ఆ పైన 28 వేల చదరపు అడుగుల ఇల్లు. పేదల గురించి డబ్బున్నవాడు మాట్లాడకూడదని కాదు, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఏం పేదవాడా? కానీ పేదరికమే నీ సరుకైతే జనం నీ తల వంక కూడా చూస్తారు.

సిన్సినాటి శీను
పెన్సిల్వేనియాకు నా జవాబు పాతదే, ఓవర్‌టైం జ్ఞాపకం. ఇంకొకటి పెట్రోలు. ఆ వసంతంలో గాలన్ ధర నాలుగు డాలర్ల వైపు పరిగెడుతోంది. గాలన్‌కి 18.4 సెంట్ల ఫెడరల్ పన్ను వేసవికి రద్దు చేద్దామని హిల్లరీ అన్నారు, అటు రిపబ్లికన్ మెకెయిన్ కూడా. 200 మందికి పైగా ఆర్థికవేత్తలు వద్దని లేఖ రాశారు. ఒబామా అయితే వేసవంతా కలిపి మిగిలేది అర ట్యాంకు డబ్బే, గిమ్మిక్కు అన్నాడు. ఆర్థికశాస్త్రం ప్రకారం ఆయనే కరెక్టు. మా క్యాంటీన్లో మాత్రం ఒకతను "అర ట్యాంకు నాకు చేదా?" అన్నాడు. రోజూ గంటేసి దూరం నుంచి పాత ట్రక్కులో వచ్చేవాడు. అయినా ఇండియానాలో హిల్లరీకి దక్కింది బొటాబొటీ గెలుపే, నార్త్ కరొలైనాలో ఓటమి. అంటే ఆ గాలం కూడా అందరికీ తగల్లేదు.

వరంగల్ వంశీ
ఏదన్నా అనండి, నాకైతే తెల్లవాళ్ళు నల్లాయనకు వేయలేదు, అంతే అనిపిస్తోంది. మన దగ్గర కులం చూసి వేసినట్టే.

లెక్కల మాస్టారు
వంశీ, అయితే వెస్ట్ వర్జీనియా చూడు. బొగ్గు గనుల రాష్ట్రం. 2008లో 55 కౌంటీలూ (మన జిల్లాల్లాంటివి) హిల్లరీవే. 2012లో ఒబామా అధ్యక్షుడిగా ఉండగా అక్కడి ప్రైమరీలో ఆయన మీద పోటీ చేసింది టెక్సాస్ జైల్లో ఉన్న ఒక ఖైదీ. ఆ ఖైదీకి 41 శాతం ఓట్లు! ఇక్కడి దాకా నీ మాటకు బలం ఉంది. మరి 2016లో? అదే హిల్లరీ, ఈసారి ఎదుట తెల్లజుట్టు సెనేటర్ బెర్నీ శాండర్స్, ఇద్దరూ తెల్లవాళ్ళే. ఆయనకు 51, ఆమెకు 36. కారణం? ఆ మార్చిలో ఒహాయోలో టీవీ సభలో, బొగ్గు కంపెనీలనూ గని కార్మికులనూ చాలామందిని పని మానిపించబోతున్నాం అని హిల్లరీ అనేసింది. ఆ వెనకే వాళ్ళకు కొత్త ఉపాధి చూపిస్తాం అని కూడా అంది. అది ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎనిమిదేళ్ళ కిందటి కార్మికుల దేవత కాస్తా గోల్డ్‌మన్ శాక్స్ అనే పెద్ద బ్యాంకులో మూడు ఉపన్యాసాలకు 6,75,000 డాలర్లు తీసుకున్న మనిషిగా మిగిలింది.

బోస్టన్ భారతి
అదే శాండర్స్ సౌత్ కరొలైనాలో 73కి 26తో చిత్తుగా ఓడాడు మాస్టారూ. సగటు చందా 27 డాలర్లు, కనీస వేతనం గంటకు 15 డాలర్లు చేయాలన్న డిమాండు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి 7.25 దగ్గరే ఆగి ఉంది కాబట్టి దాని వల్ల ఎక్కువ లాభపడే జనం ఆ రాష్ట్రంలోనే ఉన్నారు. వాళ్ళు క్లింటన్లను దశాబ్దాలుగా ఎరుగుదురు, ఈయన్ని ఎరగరు. అంటే ఒహాయోలో శీను గారు చెప్పిన జ్ఞాపకమే ఇక్కడ నల్లవాళ్ళ దగ్గర పనిచేసింది. కాకపోతే ఒహాయో వాళ్ళది "శ్రామికుల అనుభవం" అవుతుంది, వీళ్ళది "విధేయత" అవుతుంది, విశ్లేషకుల భాషలో.

సిన్సినాటి శీను
ఒప్పుకోను. విధేయత అన్న మాట నేనెక్కడా వాడలేదు.

బోస్టన్ భారతి
మిమ్మల్ని కాదండీ, టీవీ వాళ్ళని.

మోడరేటర్
ఇప్పటి పార్టీల మీద వచ్చిన కొన్ని వ్యాఖ్యలు తీసేశాం. చర్చ ప్రైమరీల దాకే ఉంచండి. మిగతాదంతా బాగుంది, కొనసాగించండి.

ఎన్జే అత్తయ్య
రూళ్ళ మాట వచ్చింది కాబట్టి మా పక్క రాష్ట్రం న్యూయార్క్ సంగతి. 2016 ఏప్రిల్ 19న ప్రైమరీ. పార్టీలో నమోదైన వాళ్ళకే ఓటు. ఇంకో పార్టీ నుంచి మారాలంటే, లేదా ఏ పార్టీ లేదని రాయించుకున్నవాళ్ళు చేరాలంటే గడువు ఎప్పుడో తెలుసా? 2015 అక్టోబరు 9. ఆరు నెలల ముందే! ట్రంప్ పిల్లలు ఇద్దరు ఆ గడువు దాటేసి సొంత తండ్రికే ఓటేయలేకపోయారు. లాయర్లు చుట్టూ ఉన్నవాళ్ళ సంగతే అది. రెండు ఉద్యోగాలు చేసుకునే మనిషి అక్టోబరులో క్యాలెండర్ చూసి ఫారం పెట్టాలట.

కొబ్బరాకు
పాఠానికి కావలసినంత దొరికింది. నైట్ ఆడిట్ గారూ, చివరగా ఒకటి. ఆ హోటల్ కార్మికులు తర్వాతి ఎన్నికల్లో ఏం చేశారు? కసీనో కాకస్‌లు ఇంకా ఉన్నాయా?

నైట్ ఆడిట్
2020లో మళ్ళీ యూనియన్‌ని కాదన్నారు. కలినరీ వాళ్ళకు పోరాడి తెచ్చుకున్న సొంత ఆరోగ్య పథకం ఉంది, చాలా మంచిది. శాండర్స్ తెస్తానన్న ప్రభుత్వ బీమా వస్తే అది పోతుందని నాయకులు కరపత్రాలు పంచారు. ఫిబ్రవరి 22న బెల్లాజియో హోటల్లోనే బైడెన్ కన్నా శాండర్స్ పక్కన ఎక్కువమంది నిలబడ్డారు. వాళ్ళలో ఒకరిద్దరిని తర్వాత అడిగాను. మా పథకం మాకు బాగానే ఉంది, మా చెల్లెలికీ కొడుక్కీ ఏమీ లేదు అన్నారు. యూనియన్ లేని హోటళ్ళలో పని వాళ్ళది.

ఇప్పుడు కాకస్ పోయింది. 2021లో చట్టం మార్చి మామూలు ప్రైమరీ పెట్టారు, ఇంటికే బ్యాలెట్ వస్తుంది, షిఫ్ట్ గొడవ లేదు. అయితే 2024లో రిపబ్లికన్ పార్టీ మాకది వద్దని విడిగా కాకస్ పెట్టుకుంది. డెలిగేట్లు దాన్లోనే అంది. ఫిబ్రవరి 6న ప్రభుత్వం జరిపిన ప్రైమరీలో ట్రంప్‌తో టికెట్టుకు పోటీపడుతున్న నిక్కీ హేలీ నిలబడింది, ట్రంప్ లేడు, అయినా ఆమె ఓడింది, "వీళ్ళెవరూ కాదు" అన్న గడి చేతిలో. రెండు రోజుల తర్వాత సాయంత్రం పూట కాకస్, ట్రంప్ డెలిగేట్లు పట్టుకుపోయాడు. మా బార్లో పనిచేసే రిపబ్లికన్ ఒకతను ఆ సాయంత్రం డ్యూటీలోనే ఉన్నాడు.